పసిబిడ్డల కడుపు – మేలుచేయు సూక్ష్మజీవులు



పసిబిడ్డకు కడుపు చెడినచో ఇంటిల్లిపాదికిని కంటిమీద కునుకుండదు. అమ్మమ్మ యొక మందు చెప్పును. పొరుగింటి యామె వేఱొకటి చెప్పును. మందుల దుకాణమువాడు మూడవది చేతిలో పెట్టును. ఆ మూడవదిగా నేడు తఱచుగా కనబడునది ప్రోబయోటిక్కు అను పేరుగల పొడి పొట్లము. దానిలో మేలుచేయు సూక్ష్మజీవులు కోట్లకొలది గలవని పొట్లముమీదనే అచ్చువేయబడియుండును. ఆ మాట నిజమా? నిజమైనచో ఏ బిడ్డకు, ఏ వేళ, ఎంతవఱకు? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే నేటి నా ప్రసంగోద్దేశము. అంతకు ముందు నా వలన జరిగిన యొక పొరపాటును మీకు విన్నవించుకొనవలయును.

సుమారు ఇరువది సంవత్సరముల క్రిందట ఒక వేసవి సాయంకాలమున, 14 నెలల మగబిడ్డను తల్లిదండ్రులు నా యొద్దకు తెచ్చిరి. ఉదయమునుండి ఆఱుసారులు నీళ్ళ విరేచనములైనవి. బిడ్డ యింకను చుఱుకుగనే యుండెను. నేను చీటిమీద మూడు మందులు వ్రాసితిని. మొదట ప్రోబయోటిక్కు పొట్లములు. దాని క్రింద నీటిలో కలిపి త్రాగించు ఓ.ఆర్.ఎస్. పొడి, మూడవది జింకు మందు. వేళకు వాడుడని చెప్పి పంపితిని.

మఱునాడు తెల్లవాఱకముందే వారు మరల వచ్చిరి. బిడ్డ కన్నులు గుంటలు పడినవి. ఏడ్చుచున్నాడు గాని కంట నీరు లేదు. పొట్టమీది చర్మమును రెండు వ్రేళ్ళతో పట్టి వదలినచో ఆ ముడుత వెంటనే సర్దుకొనుట లేదు. ఓ.ఆర్.ఎస్. ఎంత త్రాగించితిరని యడిగితిని. ఆ తండ్రి కూలిపని చేసికొని బ్రతుకువాడు. తల వంచుకొని, "చేతిలో ఉన్న డబ్బులు ఒక్కదానికే సరిపోయినయండి. మీరు పైన రాసిందే పెద్ద మందనుకొని అదే కొన్నాము" అనెను. "నీళ్ళు తాగిస్తే విరేచనాలు ఎక్కువవుతాయేమోనని అవీ ఆపినానయ్యా" అని తల్లి కొంగుతో కన్నులు తుడుచుకొనెను.

నరమునకు సెలైను ఎక్కించితిమి. సాయంకాలమునకు బిడ్డ తేఱుకొని తల్లిపాలకై వెదకికొనెను. ఆ దంపతులు నాకు దండము పెట్టి వెళ్ళిరి. ఆ దండమునకు నేను తగనని నాకు తెలియును. చౌకయైన ప్రాణాధారమును క్రిందను, ఖరీదైన సందేహాస్పదమును పైనను వ్రాసినది నా చేయి. నీరు త్రాగించుట మానరాదని చెప్పవలసినదియు నా నోరే. నాటినుండి ఈ ప్రోబయోటిక్కుల సంగతి యేమో నిదానించి తెలిసికొనవలయునని పూనుకొంటిని. అట్లు తెలిసికొన్నదానిలో కొంత నేడు మీకు చెప్పుచున్నాను.

మొదట మన కడుపులోని కాపురస్థులను గూర్చి. తల్లి గర్భములో నున్నంతకాలము శిశువు ప్రేవులలో సూక్ష్మజీవులు దాదాపుగా లేవనియే చెప్పవచ్చును. ప్రసవవేళ తల్లి దేహమునుండియు, పిదప ఎత్తుకొన్న చేతులనుండియు, త్రాగిన పాలనుండియు అవి లోనికి ప్రవేశించును. కొలది దినములలోనే ప్రేవులన్నియు వానికి నివాసమగును. 19వ శతాబ్దము చివర, పారిసు నగరములోని పాశ్చర్ పరిశోధనాలయమునందు హెన్రీ టిస్సియే అను వైద్యుడు తల్లిపాలు త్రాగు శిశువుల మలమును సూక్ష్మదర్శినితో పరీక్షించి, అందు రెండుగా చీలిన పుల్లవలె నుండు ఒక సూక్ష్మజీవి మెండుగా నుండుట కనుగొనెను. దానినే నేడు బిఫిడోబాక్టీరియా అనుచున్నారు.

తల్లిపాలు త్రాగు బిడ్డలోనే ఇది యేల మెండుగా నుండవలయును? దీనికి సమాధానము పాలలోనే కలదు. తల్లిపాలలోని నీటిని విడిచి చూచినచో మొదటి స్థానము పాలచక్కెరది, రెండవది క్రొవ్వుది, మూడవది ఓలిగోసాకరైడులు అనబడు ఒక విధమైన చక్కెరలది. విచిత్రమేమనగా, ఈ మూడవ రకపు చక్కెరలను జీర్ణము చేసికొను శక్తి బిడ్డకు లేదు. తాను తినలేని పదార్థమును తల్లి యేల తయారుచేసి యిచ్చుచున్నది? అది బిడ్డకు కాదు, బిడ్డ ప్రేవులలోని బిఫిడోబాక్టీరియాకు ఆహారము. తల్లి ఒక పాలధారతో బిడ్డను, బిడ్డను కాచువానిని గూడ పోషించుచున్నది. ఆ సూక్ష్మజీవులు ఈ చక్కెరలను తిని ఆమ్లములను పుట్టించును. ప్రేవులు పులిసిన స్థితిలో నుండుటచే రోగములు తెచ్చు సూక్ష్మజీవులు అక్కడ వృద్ధినొందజాలవు. పొలములో వరి దుబ్బుకట్టి దట్టముగా నెదిగినచో కలుపునకు చోటుండదు గదా! ఇదియు నట్టిదే.

కావున బిడ్డ కడుపునకు మొట్టమొదటి సహాయము దుకాణములో లేదు. పుట్టిన గంటలోపల ముఱ్ఱుపాలు పట్టుట, ఆఱు నెలలు నిండువఱకు తల్లిపాలు తప్ప తేనెగాని, ఆముదముగాని, మంచినీళ్ళుగాని పోయకుండుట, ఇదియే ఆ సహాయము. ముఱ్ఱుపాలు పనికిరావని పిండి పాఱబోయు ఆచారము కొన్ని యిండ్లలో నుండెడిది. అది బిడ్డకు రావలసిన ఆస్తిని గుమ్మములోనే పాఱబోయుట.

ఇక బయటనుండి సూక్ష్మజీవులను కడుపులోనికి పంపి మేలు పొందవచ్చునను ఆలోచన ఎట్లు పుట్టినది? 1905లో స్టామెన్ గ్రిగొరోవ్ అను బల్గేరియా దేశపు యువకుడు జెనీవాలో చదువుచు, తన దేశపు పెరుగునందలి సూక్ష్మజీవిని కనుగొనెను. పాశ్చర్ పరిశోధనాలయములో పనిచేయుచుండిన రష్యా శాస్త్రజ్ఞుడు ఎలీ మెచ్నికాఫ్ బల్గేరియా రైతుల దీర్ఘాయువునకు ఆ పులిసిన పాలే కారణమని వాదించెను. 1908లో నోబెల్ బహుమానము పొందిన ఆయన మాటకు లోకములో విలువ యుండెను. ఐరోపా యంతటను పెరుగు ఒక మందువలె ప్రచారమయ్యెను. ఆయన బహుమానము పొందినది రోగనిరోధక శక్తిని గూర్చిన పరిశోధనకు గాని పెరుగునకు కాదు. పెరుగు వలన ఆయువు పెరుగునను మాట ఋజువు కాలేదు. కాని సూక్ష్మజీవులలో శత్రువులే కాదు, మిత్రులును గలరను భావము నిలిచినది.

మన యిండ్లలో మాత్రము పెరుగు మందు కాదు, దినము తప్పని అన్నము. తోడు లేని నాడు గిన్నె పట్టుకొని పొరుగింటికి పోవుట మన గృహిణులకు క్రొత్త కాదు. అందుచేత శ్రోతలలో కొందఱికి ఒక సందేహము కలుగవచ్చును. పెరుగులో సూక్ష్మజీవులు గలవు గదా, మఱి పెరుగే ప్రోబయోటిక్కు కాదా?

దీనికి బదులు చెప్పుటకు ఒక నిర్వచనము కావలయును. 2001లో అర్జెంటీనా దేశములోని కోర్డోబా నగరమున ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థయు, ప్రపంచ ఆరోగ్యసంస్థయు కూర్చిన నిపుణులు ఆ నిర్వచనమును చేసిరి. దాని సారమిది: ఆ సూక్ష్మజీవులు జీవించియుండవలయును, తగినంత మొత్తమున లోనికి పోవలయును, వాని వలన పుచ్చుకొన్నవానికి మేలు కలుగవలయును. ఈ మూడింటిలో నొకటి తప్పినను అది ప్రోబయోటిక్కు కాజాలదు. పెరుగులోని సూక్ష్మజీవులు జీవించియే యున్నవి. కాని ఒక యింటి తోడు మఱొక యింటి తోడు వంటిది కాదు. దానిలో ఏ జాతివి ఎన్ని గలవో చెప్పజాలము. కావున ఒక పేరుగల సూక్ష్మజీవితో చేసిన పరీక్షాఫలితమును మన పెరుగునకు అంటగట్టరాదు. ఐనను పెరుగు మంచి యాహారము. పాలచక్కెరను అరిగించుకొనలేని వారికి పాలకంటె పెరుగు సులువుగా నరుగును. ఆఱు నెలలు నిండిన బిడ్డకు మెత్తగా మెదిపిన పెరుగన్నము నిస్సందేహముగా పెట్టవచ్చును. ఇడ్లీ, దోసె పిండి పులియుట గూడ సూక్ష్మజీవుల పనియే. కాని ఆవిరికిని పెనపు వేడికిని అవి చచ్చును. ఇడ్లీ బలమైన ఆహారమే గాని ప్రోబయోటిక్కు కాదు.

నిర్వచనములో "మేలు కలుగవలయును" అను మూడవ మాటయే అన్నిటికంటె కష్టమైనది. మేలు కలిగినదో లేదో ఎట్లు తెలియును? పిల్లల విరేచనములు చాలవఱకు నాలుగైదు దినములలో, వారములోపల, తమంతట తామే తగ్గును. మూడవనాడు పొడి వేసి ఐదవనాడు తగ్గినచో పొడియే తగ్గించినదని తలంతుము. అందుచేత పిల్లలను రెండు సమూహములుగా విభజించి, ఒకరికి నిజమైన పొడియు, రెండవవారికి చూపునకు అట్లే యుండు ఉత్తపొడియు ఇచ్చి, ఎవరికేది యిచ్చిరో వైద్యునకు గాని తల్లికి గాని తెలియకుండ పరీక్షింపవలయును. ఇట్టి పరీక్షలు తేల్చిన నాలుగు సంగతులు చెప్పెదను.

మొదటిది, ఆకస్మికముగా పట్టుకొను నీళ్ళ విరేచనములు. 2018లో ఇట్టి రెండు పెద్ద పరీక్షల ఫలితములు ప్రకటింపబడెను. అమెరికాలో 971 మంది పిల్లలపైనను, కెనడాలో 886 మందిపైనను పరీక్షించిరి. రెంటిలోను లాక్టోబాసిల్లసు అను కుటుంబమునకు చెందిన, ఎంతో పేరుపొందిన సూక్ష్మజీవులనే వాడిరి. రెంటిలోను పొడి పుచ్చుకొన్నవారికిని, ఉత్తపొడి పుచ్చుకొన్నవారికిని భేదము కనబడలేదు. 2020లో అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘము తమ ప్రాంతపు పిల్లలకు ఈ వ్యాధిలో ప్రోబయోటిక్కులు వాడవద్దనియే సలహా యిచ్చెను. కొన్ని చిన్న పరీక్షలలో విరేచనములు ఒకదినము ముందుగా తగ్గినవను మాటయు లేకపోలేదు. ఆ ఒక దినపు లాభమును లెక్కించుకొన్నను, అది నీటికి బదులు కాజాలదు.

రెండవది, ఆంటిబయోటిక్కుల వలన వచ్చు విరేచనములు. చెవిపోటుకో రొమ్ము జబ్బుకో ఇచ్చిన మందు, చెడ్డ సూక్ష్మజీవులతోపాటు ప్రేవులలోని మంచివానిని గూడ చంపును. మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అధిపతిగా నున్న పరిశోధనాలయమునుండి 1948లో ఆరియోమైసిను లోకమునకు వెల్లడియైనది. పెక్కు జాతుల సూక్ష్మజీవులను ఒక్కమాఱే చంపగల ఇట్టి మందులు లెక్కలేనన్ని ప్రాణములు కాపాడినవి. ఆ బలమే ప్రేవులలో కొంత నష్టమును గూడ చేయును. ఈ విషయమున ప్రోబయోటిక్కులకు సాక్ష్యము బలముగనే యున్నది. 33 పరీక్షలను, 6 వేలకు మించిన పిల్లలను కలిపి చూచి 2019లో ప్రకటించిన యొక సమీక్షలో, ప్రోబయోటిక్కు పుచ్చుకొనని వారిలో నూటికి 19 మందికి విరేచనములు రాగా, పుచ్చుకొన్నవారిలో నూటికి 8 మందికే వచ్చెను. కాని దీనికంటె మేలైన ఉపాయ మొకటి గలదు. జలుబునకును, మామూలు నీళ్ళ విరేచనములకును ఆంటిబయోటిక్కు కొనకుండుటయే అది.

మూడవది, నెలల బిడ్డలు సాయంవేళ కాళ్ళు ముడుచుకొని ఎడతెగక ఏడ్చుట. 2007లో ఇటలీలోని ట్యూరిను వైద్యులు లాక్టోబాసిల్లసు రాయిటరి అను సూక్ష్మజీవి చుక్కల వలన ఈ యేడుపు తగ్గినదనిరి. 2014లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్ను వైద్యులు 167 మంది శిశువులపై పరీక్షించి ప్రయోజనము కనబడలేదనిరి. తరువాత 2018లో పెక్కు పరీక్షల లెక్కలు కలిపి చూడగా, తల్లిపాలు త్రాగు శిశువులలో ఉపయోగము గలదనియు, డబ్బాపాలు త్రాగువారిలో నిర్ణయింప వీలులేదనియు తేలెను. ఈ యేడుపు మూడు నాలుగు నెలలు నిండుసరికి దానంతటదే పోవునని తల్లులు మఱువరాదు.

నాలుగవది మన పొరుగున ఒడిశాలో జరిగినది. డాక్టరు పినాకీ పాణిగ్రాహిగారును, వారి సహచరులును గ్రామములలో పుట్టిన 4,556 మంది శిశువులపై పరీక్ష చేసిరి. వారందఱు రెండు కిలోలకు తక్కువ కాని బరువుతో పుట్టి, తల్లిపాలు త్రాగుచుండినవారు. వారిలో సగముమందికి లాక్టోబాసిల్లసు ప్లాంటారం అను సూక్ష్మజీవి యొక తెగను, దానికి మేతగా నుండు ఒక చక్కెరను కలిపి ఏడు దినములు పట్టిరి. మొదటి రెండు నెలలలో రక్తము విషమించు వ్యాధియో మరణమో సంభవించినది, ఉత్తపొడి పుచ్చుకొన్నవారిలో నూటికి 9 మందికి, మందు పుచ్చుకొన్నవారిలో నూటికి 5.4 మందికి. 2017లో ఈ ఫలితము వెలువడినప్పుడు వైద్యలోకము ఆశ్చర్యపడినది. నాకును ఆనందము కలిగినది. కాని గమనింపుడు: అది ఒకే తెగ, ఒకే కొలత, ఒకే విధమైన శిశువులు. ఆ ఫలితమును దుకాణములోని ప్రతి పొట్లమునకును పంచిపెట్టుటకు వీలులేదు.

ఈ నాలుగింటినుండి నేను నేర్చుకొన్న దొక్కటే. "ప్రోబయోటిక్కు మంచిదా?" అను ప్రశ్నయే సరియైనది కాదు. "మందు మంచిదా?" అని యెవరైన అడుగుదురా? ఏ మందు, ఏ రోగమునకు అనియే గదా అడుగుదురు. ఇక్కడ సూక్ష్మజీవి జాతి పేరే కాదు, తెగ పేరు గూడ ముఖ్యము. ఒకే యూరివారైనను అందఱును ఒకే పని చేయరు గదా.

అపాయము లేదా యని అడుగుదురేమో. ఆరోగ్యముగానున్న బిడ్డకు సాధారణముగా లేదు. కాని నెలలు నిండక పుట్టిన శిశువులకును, వ్యాధిచేతనో మందుల చేతనో రోగనిరోధక శక్తి క్షీణించిన వారికిని ఆ మాట చెప్పజాలము. 2014లో అమెరికాలో అకాలజననము పొందిన యొక శిశువు తనకిచ్చిన ప్రోబయోటిక్కు పొడిలో బూజు చేరియుండుటచే మరణించెను. 2023లో ఆ దేశపు ఔషధ నియంత్రణ శాఖ అట్టి శిశువుల విషయమున ఆసుపత్రులను గట్టిగా హెచ్చరించెను. అట్టి బిడ్డలకు ఇయ్యవలయునా వద్దా యనునది ఆసుపత్రిలోని నిపుణులు నిర్ణయింపవలసినది. ఇంటిలో మనము నిర్ణయించుకొనునది కాదు.

ఇక నీటి మాట. 1971లో బంగ్లాదేశ్ నుండి వచ్చిన కాందిశీకులలో కలరా వ్యాపించినప్పుడు, పశ్చిమ బెంగాలులోని బన్‌గావ్ శిబిరమున డాక్టరు దిలీప్ మహలనబిస్‌గారు సెలైను చాలక, ఉప్పును గ్లూకోజును కలిపిన నీటిని త్రాగింపసాగిరి. నూటికి 30 మంది చనిపోవుచుండిన చోట మరణములు నూటికి నాలుగుకంటె తక్కువకు దిగినవి. త్రాగించినవారిలో వైద్యులే కాదు, రోగుల బంధువులును గలరు. ఈ చికిత్సను ఏ తల్లియైనను చేయగలదని నాడే తేలినది.

విరేచనములు మొదలైన గంటనుండి మీరు చేయవలసిన దిది. ఓ.ఆర్.ఎస్. పొట్లమును దానిమీద వ్రాసినంత నీటిలో, సాధారణముగా ఒక లీటరులో, మొత్తము ఒకేసారి కలుపుడు. నీరు కాచి చల్లార్చినదైన మేలు. రెండేండ్లలోపు బిడ్డకు ప్రతి విరేచనము తరువాత 50 నుండి 100 మిల్లీలీటర్లు, అనగా పావుగ్లాసు మొదలు అరగ్లాసు వఱకు, చెంచాతో కొంచెము కొంచెముగా పట్టుడు. పెద్దబిడ్డకు దాని రెట్టింపు. వాంతి యైనచో పది నిమిషములు ఆగి మరల నిదానముగా పట్టుడు. పొట్లము దొరకని వేళ ఒక లీటరు నీటిలో ఆఱు చిన్నచెంచాల పంచదారయు, అరచెంచా ఉప్పును, తలగొట్టి కొలిచి కలుపుడు. తల్లిపాలు మానరాదు. అన్నము తిను బిడ్డకు అన్నము మానరాదు. జింకు మందు ఆఱు నెలలలోపు బిడ్డకు దినమునకు 10, పైబడినవారికి 20 మిల్లీగ్రాములు, విరేచనములు తగ్గినను 14 దినములు ఇయ్యవలయును. పొడియు జింకును ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో ఉచితముగా లభించును. బిడ్డ మగతగానున్నను, త్రాగలేకున్నను, త్రాగినదంతయు కక్కుచున్నను, మలములో రక్తము కనబడినను, ఆఱు గంటలు మూత్రము పోయకున్నను ఇక ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపొండు.

ఇవన్నియు చేసిన పిదప చేతిలో డబ్బు మిగిలి, వైద్యుడు తెగ పేరు చెప్పి ప్రోబయోటిక్కు వ్రాసినచో కొనుడు, నేను కాదనను. మిగలనిచో, బిడ్డకు మంచి మందు కొనలేకపోతిమే యని కుములవలదు. కొనవలసిన దానినే మీరు కొన్నారు.

నేటికిని నేను చీటి వ్రాయునప్పుడు మొదటి పంక్తిలో ఓ.ఆర్.ఎస్. అనియే వ్రాసి, దాని క్రింద ఒక గీత గీయుదును. తరువాత ఆ తండ్రినో తల్లినో, "డబ్బు ఒక్కదానికే చాలినచో ఏది కొందురు?" అని అడుగుదును. వారు ఆ గీతమీద వ్రేలు పెట్టువఱకు చీటి చేతికియ్యను.

సెలవు.